స్కూటర్ బీమా: చారాణా కోడికి బారాణా మసాలా?

పార్సిప్పనీలో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా భోజనాల వేళ మనవాళ్ళ మధ్య దొర్లే కబుర్లు మూడే: వీసా, ఇల్లు, కారు ఇన్సూరెన్సు. ఏ కంపెనీ ఎవరికెంత తగ్గించింది, ఏ ఏజెంటు పిలిస్తే పలుకుతాడు అన్న విషయాలు అందరికీ కంఠతా వచ్చు. అదే "స్కూటర్ పోతే డబ్బులొచ్చే బీమా చవకలో ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగి చూడండి. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. "అమెరికా వచ్చి కూడా స్కూటరేమిటి బాబూ" అని ఓ నవ్వు నవ్వి మాట మార్చేస్తారు. నవ్వే విషయం కాదిది. డబ్బు తక్కువున్నవాడికి రక్షణ ఎందుకంత ఖరీదవుతుందన్న పెద్ద ప్రశ్న ఈ చిన్న బండి వెనక దాగి ఉంది.

మన ఊరు కార్ల కోసం కట్టిన ఊరు. ఒక పక్క 80, ఇంకో పక్క 287, మధ్యలో రూట్ 46, కింద రూట్ 10. కార్లు అద్దెకిచ్చే అవిస్ బడ్జెట్ కంపెనీ ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే. పాల ప్యాకెట్టు కావాలన్నా కారు తీయాల్సిన చోట కారు లేనివాడి అవస్థ ఎవరికి చెప్పుకునేది! కొత్తగా దిగిన కుర్రవాడు, ఒక్క కారూ భర్త ఆఫీసుకి వెళ్ళిపోతే ఇంట్లో ఉండిపోయే ఇల్లాలు, సాయంత్రం పూట చిన్న ఉద్యోగం చేసుకునే విద్యార్థి - వీళ్ళకి వెయ్యి, పదిహేను వందల డాలర్ల పాత స్కూటర్ విలాసం కాదు, కాళ్ళు. లేక్ హయావాతా వీధుల్లోంచి కిరాణా కొట్టుకో, లైబ్రరీకో వెళ్ళి రావడానికి అది చాలు. విజయవాడలోనో, వరంగల్‌లోనో పదహారేళ్ళకే బండి తోలిన చేతులు కదా, నడపడం కొత్తేమీ కాదు. కొత్తల్లా ఇక్కడి కాగితాలే.

ముందుగా ఒక అపోహ వదిలించుకోవాలి. "యాభై సీసీ బండికి లైసెన్సూ అక్కర్లేదు, ఇన్సూరెన్సూ అక్కర్లేదు" అని పాత బండ్లు అమ్మేవాళ్ళు నోటికొచ్చినట్టు చెబుతుంటారు. వేరే రాష్ట్రాల మాటెలా ఉన్నా న్యూజెర్సీలో ఇది చెల్లదు. ఇంజను 50 సీసీ లోపు ఉండి, చదునైన రోడ్డు మీద గంటకు 25 మైళ్ళు మించని బండిని ఇక్కడ మోపెడ్ కింద లెక్కగడతారు. దానికీ లైసెన్సు ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు ప్లేటు ఉండాలి, లయబిలిటీ బీమా ఉండాలి, తలకి హెల్మెట్ ఉండాలి. ఇంజను అంతకన్నా పెద్దదైనా, వేగం అంతకన్నా ఎక్కువైనా అది మోటార్ సైకిలే. దాని లైసెన్సు వేరు. పైగా మధ్యలో గడ్డిగానీ కాంక్రీటుగానీ పెట్టి విడదీసిన హైవేల మీదికి మోపెడ్ ఎక్కకూడదు. అంటే మన రూట్ 46 మీద అది కుదరదు. బండి కొనేముందే అది ఏ తరగతిదో తేల్చుకోవాలి. ఎందుకంటే బీమా ధర మొదలయ్యేది అక్కడినుంచే.

రెండో అపోహ ఇంకా ప్రమాదకరం. "ఇన్సూరెన్సు ఉందిగా" అనుకోవడం. చట్టం అడిగే లయబిలిటీ బీమా మనవల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికే. మన బండిని దొంగ ఎత్తుకెళితే దాంట్లోంచి ఒక్క సెంటు రాదు. దొంగతనానికి డబ్బు రావాలంటే పాలసీలో కాంప్రెహెన్సివ్ అనే భాగం విడిగా కొనుక్కోవాలి. దొంగతనంతోపాటు అగ్ని ప్రమాదం, వడగళ్ళు, చెట్టు కూలడం, జింక అడ్డు రావడం వంటివన్నీ అందులోకి వస్తాయి. మారిస్ కౌంటీలో కాపురమున్నవాళ్ళకి జింకల సంగతి వేరే చెప్పాలా!

మూడో అపోహకి మా అపార్ట్‌మెంట్ల సముదాయంలోనే ఓ ఉదాహరణ ఉంది. కారు కొనుక్కునేదాకా గడుస్తుందని ఓ కుర్రవాడు 1,400 డాలర్లు పోసి పాత స్కూటర్ కొన్నాడు. లయబిలిటీ మాత్రం కట్టాడు. ఓ మార్చి నెల ఉదయం లేచి చూస్తే బండి లేదు, మంచులో చక్రాల గుర్తులు కూడా లేవు. ఎత్తి వ్యాన్‌లో పెట్టుకుపోయారన్నమాట. "పోన్లెండి అన్నగారూ, రెంటర్స్ ఇన్సూరెన్సు ఉందిగా, దాంట్లో ఇస్తారు" అన్నాడు ధీమాగా. ఫోన్ చేస్తే తేలిందేమిటంటే, రోడ్డు మీద తిరగడానికి రిజిస్టర్ చేసిన మోటారు వాహనం అద్దె ఇంటి పాలసీలోకి రాదట. సీటు కింద పెట్టిన హెల్మెటూ, చలి కోటూ మాత్రం వస్తాయి. కానీ వాటి విలువ 500 డాలర్ల డిడక్టిబుల్ దాటలేదు. అలా రెండు పాలసీలుండీ అతని చేతికి వచ్చింది సున్నా. ఆ కంపెనీ మోసం చేసిందని మేము అనం. మామూలు రెంటర్స్ పాలసీల్లో ఈ నిబంధన ఎప్పటినుంచో ఉంది. చదివేవాళ్ళే లేరు, చదివి చెప్పేవాళ్ళు అంతకన్నా లేరు.

సరే, కాంప్రెహెన్సివ్ కొందాం. చవకగా ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడే మనవాళ్ళు బోల్తా పడతారు. చవక అంటే ప్రీమియం ఒక్కటే చూస్తారు. బండి పోయిన రోజున చేతికెంత వస్తుందో చూడరు. ఇక్కడ కంపెనీ ఇచ్చేది మనం కొన్న ధర కాదు. బండి పోయిన రోజుకి దాని మార్కెట్ విలువ. అందులోంచి డిడక్టిబుల్ కోసేసి మిగిలింది చేతిలో పెడతారు.

ఓ లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే సుమా. 1,500 డాలర్ల స్కూటర్, కాంప్రెహెన్సివ్‌కి ఏడాదికి అదనంగా 120, డిడక్టిబుల్ 500 అనుకుందాం. మూడో ఏడు చివర్లో బండి పోయింది. అప్పటికి దాని విలువ 900 అని తేల్చారు. 500 పోను వచ్చేది 400. అప్పటికి మనం కట్టింది 360. మొత్తం తతంగానికి మిగిలింది 40 డాలర్లు! చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే. ఇప్పుడు 6,000 డాలర్ల కొత్త స్కూటర్ తీసుకోండి. ఏడాదికి 200, డిడక్టిబుల్ అదే 500. మూడో ఏడు దాని విలువ 4,000 ఉందనుకుంటే చేతికి 3,500 వస్తుంది, కట్టింది 600. అదే కాంప్రెహెన్సివ్, అదే డిడక్టిబుల్. ఒకడికి గొడుగు, ఇంకొకడికి చిల్లుల గొడుగు.

అందుకే మేము అడిగినవాళ్ళకి చెప్పే సూత్రం ఒకటుంది. మీ బండి ఈ రోజు అమ్మితే ఎంత వస్తుందో చూసుకోండి. అందులోంచి డిడక్టిబుల్ తీసేయండి. మిగిలిన మొత్తం ఏడాది కాంప్రెహెన్సివ్ ప్రీమియానికి పది రెట్లయినా ఉంటే కొనండి, లేకపోతే ఆ డబ్బు వేరేచోట పెట్టండి. బండి అప్పు మీద కొన్నదైతే ఈ ఆలోచనే అక్కర్లేదు. అప్పిచ్చినవాడే కాంప్రెహెన్సివ్, కొలిజన్ రెండూ కట్టమంటాడు. బండి పోయినా వాయిదాలు పోవు కనుక అది మనకీ మంచిదే.

వేరేచోట అంటే ఎక్కడ? మొదట మన ఒంటికి. న్యూజెర్సీలో కారు పాలసీతో వచ్చే వైద్య ఖర్చుల భాగం మోటార్ సైకిల్ పాలసీకి రాదు. కింద పడితే ఆస్పత్రి బిల్లు మన హెల్త్ ఇన్సూరెన్సు మీదే పడుతుంది. అది సరిగా లేనివాళ్ళు దొంగ గురించి కాదు, దెబ్బ గురించి ముందు ఆలోచించాలి. తర్వాత తాళానికి. ఎనభై, తొంభై కిలోల చిన్న స్కూటర్‌ని ఇద్దరు మనుషులు తేలిగ్గా ఎత్తేస్తారు. హ్యాండిల్ లాక్ వాళ్ళకో లెక్క కాదు. చక్రంలోంచి దూర్చి, నేలలో పాతిన ఇనుప స్తంభానికి కట్టే లావుపాటి గొలుసు కావాలి. డిస్కుకి తాళం కావాలి. పైన ఓ కవరు కావాలి. కవరు కప్పితే లోపల ఏ బండి ఉందో దొంగకి తెలియదు. ఒక ఏడాది ప్రీమియం డబ్బుతో కొన్న మంచి గొలుసు పదేళ్ళు ఉంటుంది. దానికి డిడక్టిబుల్ లేదు.

ఇక ధర తగ్గించుకునే దారులు. మొదటిది, ఒకే కంపెనీ పాలసీలు అమ్మే ఏజెంటుతో ఆగిపోకుండా, నాలుగైదు కంపెనీల పాలసీలు అమ్మే స్వతంత్ర ఏజెంటుని అడగడం. మన తెలుగువాళ్ళలోనే అలాంటి ఏజెంట్లున్నారు. రెండోది, రాష్ట్రం గుర్తించిన మోటార్ సైకిల్ భద్రతా శిక్షణ పూర్తిచేయడం. దానికి తరచుగా తగ్గింపు ఇస్తారు. మూడోది, ఇంట్లో కారు పాలసీ ఉంటే దాంతో కలిపి అడగడం. నాలుగోది, చలికాలం. డిసెంబరు నుంచి మార్చి దాకా బండి ఎలాగూ కదలదు కదా అని కొందరు పాలసీయే రద్దు చేసేస్తారు. అది తెలివి అనిపించుకోదు. కదలని బండిని దొంగ కదిలిస్తాడు. బండి నిలిపి ఉంచే నెలల్లో మిగతావన్నీ ఆపి కాంప్రెహెన్సివ్ ఒక్కటే ఉంచే పద్ధతి కొన్ని కంపెనీల్లో ఉంది. లే-అప్ అంటారు. అడిగితేనే చెబుతారు. ఆ నెలల్లో మాత్రం బండి రోడ్డెక్కకూడదు.

ఇంత చేసినా కొత్తగా వచ్చినవాడికి ధర ఎక్కువే పడుతుంది. కారణం అతని నడక కాదు, అతని చరిత్ర. ఇక్కడ బీమా ధర కట్టేటప్పుడు క్రెడిట్ చరిత్ర చూడడానికి న్యూజెర్సీ చట్టం ఒప్పుకుంటుంది. కాలిఫోర్నియా, మసాచుసెట్స్ వంటి రాష్ట్రాలు వాహన బీమాలో ఒప్పుకోవు. నిన్నగాక మొన్న దిగినవాడికి క్రెడిట్ చరిత్ర ఎక్కడినుంచి వస్తుంది? గుంటూరు ట్రాఫిక్‌లో పదేళ్ళు ఒక్క గీత పడకుండా బండి నడిపినా ఆ అనుభవం ఇక్కడి ఫారంలో సాధారణంగా సున్నా కిందే లెక్క. నడపడం రానివాడికీ, రాసి చూపించలేనివాడికీ ఒకటే ధర! ఇది న్యాయం కాదని మా అభిప్రాయం. అప్పు తీర్చే అలవాటుకీ, స్కూటర్ దొంగ చేతివాటానికీ సంబంధమేమిటని ఎవరైనా అడగవచ్చు.

మన దేశంలో అంతా బాగుందని మేము అనబోవడం లేదు. కానీ రెండు విషయాల్లో అక్కడి పద్ధతి చిన్న బండివాడి వైపు నిలబడింది. ఒకటి, ఐడీవీ. పాలసీ కాగితం మీదే బండి విలువ ఇంత అని ముందుగా రాసి ఇస్తారు. అది ఎలా తగ్గాలో కూడా టారిఫ్‌లోనే ఉంది: ఆరు నెలల్లోపు బండికి 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్ళలోపు 20, అలా అయిదో ఏటికి 50 శాతం. పోయాక బేరమాడే పని లేదు. 2002 నాటి టారిఫ్‌లో ద్విచక్ర వాహనానికి తప్పనిసరి మినహాయింపు చాలా స్వల్పం. ఇక్కడి 500 డాలర్ల పక్కన పెట్టి చూడండి. రెండోది, అదే టారిఫ్‌లో మధ్యమెట్టు ఒకటి ఉంది: థర్డ్ పార్టీ బీమాకి అగ్ని, దొంగతనం మాత్రం కలుపుకునే పాలసీ. చట్టం అడిగిందీ, దొంగకి భయపడిందీ, రెండే. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళని అడగండి. థర్డ్ పార్టీ, ఫైర్ అండ్ థెఫ్ట్ అనే పాలసీ అక్కడ సర్వసాధారణం.

అక్కడా ఇబ్బందులు లేకపోలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరైనా, కొన్న ఏడాది తర్వాత కట్టడం మానేసినవాళ్ళు కోకొల్లలు. అందుకే సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఒకేసారి అయిదేళ్ళ థర్డ్ పార్టీ బీమా కట్టించుకోవడం మొదలైంది. చాలామంది "అయిదేళ్ళ బీమా ఉంది" అని నిశ్చింతగా ఉన్నారు. దొంగతనం అందులో లేదని బండి పోయాకగానీ తెలియడం లేదు. పార్సిప్పనీ కుర్రవాడి కథే పామర్రులోనూ! ఊళ్ళో నాన్నగారి స్కూటర్ పాలసీ ఈ వారం ఫోన్‌లో ఒకసారి చదివించుకోండి. సొంత నష్టానికి విడిగా పాలసీ కొనుక్కునే వీలు 2019 సెప్టెంబరు నుంచి అక్కడ ఉంది.

బండి పోతే మాత్రం, ఇక్కడైనా అక్కడైనా, మొదటి గంట ముఖ్యం. ముందు పోలీసు రిపోర్టు, వెంటనే బీమా కంపెనీకి కబురు. విన్ నంబరు, రిజిస్ట్రేషన్ కాగితం ఫోటో తీసి బండిలో కాకుండా వేరేచోట పెట్టుకోండి. రెండు తాళం చెవులూ జాగ్రత్త చేయండి. ఇండియాలో క్లెయిము దగ్గర రెండూ అడుగుతారు. కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క సాకుతో క్లెయిము కొట్టేయడం కుదరదని, పోలీసులకి వెంటనే ఫిర్యాదు చేసి ఉంటే చాలని, సుప్రీంకోర్టు 2020 జనవరిలో గురుషిందర్ సింగ్ కేసులో తేల్చి చెప్పింది. ఇక్కడ కంపెనీ అన్యాయంగా కాదందనిపిస్తే ట్రెంటన్‌లోని బ్యాంకింగ్, ఇన్సూరెన్సు శాఖకి ఫిర్యాదు చేయవచ్చు. క్లెయిముల కోసం అంబుడ్స్‌మన్ కూడా ఉన్నారు. పాత బండి కొనేవాళ్ళు విన్ నంబరుని జాతీయ బీమా నేరాల బ్యూరో ఉచితంగా చూపించే జాబితాలో సరిచూసుకోవాలి. లేకపోతే ఇంకొకరి దగ్గర పోయిన బండికి మనం డబ్బు కట్టినట్టవుతుంది.

ఇంతకీ మా మాట ఏమిటంటే, ఈ రాష్ట్రంలో కూడా మధ్యమెట్టు ఒకటి ఉండాలి. వెయ్యి, రెండు వేల డాలర్ల బండికి విలువ ముందే రాసి, డిడక్టిబుల్ యాభయ్యో, వందో పెట్టి, దొంగతనానికి మాత్రం ఇచ్చే పాలసీ కావాలి. కంపెనీల వాదన మాకు తెలియనిది కాదు. చిన్న పాలసీకైనా, పెద్ద పాలసీకైనా కాగితం ఖర్చు ఒకటే. డిడక్టిబుల్ తగ్గిస్తే నిర్లక్ష్యం పెరుగుతుంది, దొంగ క్లెయిములు పెరుగుతాయి అంటారు. అందులో కొంత నిజముంది. అందుకే షరతులు పెట్టమనండి. గొలుసు కొన్న రశీదు చూపిస్తేనే పాలసీ, రాత్రి పూట స్తంభానికి కడితేనే క్లెయిము అనమనండి. షరతులకి మనం సిద్ధమే. అసలు పాలసీయే లేకుండా చేస్తే మాత్రం పెద్ద బండివాడికే బీమా, చిన్న బండివాడికి దేవుడే దిక్కు అన్నట్టుంటుంది.

అది వచ్చేలోపు మన సంఘాలు చేయదగ్గ పని ఒకటుంది. తానా 1977 నుంచి ఉంది, ఆటా, నాట్స్, ఇంకా ఊరూరా స్థానిక సంఘాలున్నాయి. ఉగాదికీ, సంక్రాంతికీ హాలు నిండుతుంది. ఏటా వేసవి ముందు ఒక్క ఆదివారం మధ్యాహ్నం, ఇద్దరు లైసెన్సున్న ఏజెంట్లని, వీలైతే ఒక పోలీసు అధికారిని పిలిచి, కొత్తగా వచ్చిన పిల్లలకి పాలసీ కాగితం చదవడం నేర్పితే ఎంత బాగుంటుంది! అమెరికాలో బండ్ల దొంగతనాలు వేసవి నెలల్లోనే ఎక్కువ. కాబట్టి ఏప్రిల్లో చెబితే పనికొస్తుంది, ఆగస్టులో చెబితే ఓదార్పే. వందమంది కలిసి అడిగితే ఏజెంటూ వింటాడు, ఎమ్మెల్యేల వంటి ఇక్కడి శాసన సభ్యులూ వింటారు.

అప్పటిదాకా కొత్త తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ మేము చెప్పేది ఇంతే. లయబిలిటీ ఎగ్గొట్టకండి, అది చట్టం. ఒంటికి బీమా ముందు, బండికి తర్వాత. చిన్న బండికి కాంప్రెహెన్సివ్ కొనేముందు కాగితం మీద కూడిక, తీసివేత చేయండి. లెక్క కుదరకపోతే మొహమాటం లేకుండా వద్దనండి. ఆ డబ్బుతో లావుపాటి గొలుసు కొనండి. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు బండి పోయాక పాలసీ తిరగేస్తే, అందులో కనబడేది మనం ముందే చదివి ఉండాల్సిన వాక్యమే.